కార్తీకం వస్తే నాకు మొదలయ్యే టెన్షన్

పూజల టెన్షన్ కాదండీ, కూర టెన్షన్. నెల రోజులు నీచు ముట్టం. మొదటి వారం వంకాయ, బెండకాయ, దొండకాయ, బంగాళాదుంపలతో బండి నడుస్తుంది, ఎనిమిదో రోజు నుంచి కంచం ముందు కూర్చోగానే "మళ్ళీ ఆనపకాయేటి?" అని మా ఆయన మొహం. శ్రీకాకుళం రైతుబజార్లో గంటసేపు తిరిగినా కనిపించేవి అవే కాయలు కదా, నేనేం చేసేది!

కొత్తగా ఏదైనా చేద్దామని ఫోన్లో వీడియోలు పెడితే ప్రతిదాంట్లో పనీరు, మీగడ, గుప్పెడు జీడిపప్పు ముద్ద. పలాస మన జిల్లాలోనే ఉంది కాబట్టి జీడిపప్పు ఊరికే వస్తుందనుకుంటారు కాబోలు. ఇంతా చేస్తే పేర్లే వేరు, గ్రేవీ అన్నిటికీ ఒక్కటే, అదీ చపాతీలోకి తప్ప అన్నంలోకి పనికిరాదు.

మొన్న విసుగొచ్చి అదే ఆనపకాయ ఉడకబెట్టి, వేయించిన నువ్వులూ ఎండుమిర్చీ దంచి ఆ నువ్వుగుండ దించే ముందు కలిపితే గిన్నె ఖాళీ. హుషారొచ్చి మర్నాడు పనసపొట్టుకి ఆవ పెట్టాను. పొయ్యి ఆపి కాస్త చల్లారాక కలపాలి, నేనేమో మంట మీదే వేసేశాను, చేదెక్కి కూర్చుంది. అత్తగారు ఏమీ అనలేదు, మజ్జిగ గిన్నె దగ్గరకి లాక్కున్నారు, అంతే.

ఇంకా పదహారు రోజులుంది. రేపు కంద బచ్చలి. ఎల్లుండి సంగతి నన్నడక్కండి.