లారీ గ్రాహం బొటనవేలు: అది గుడ్డి అదృష్టం కాదు

దరువే ప్రాణమైన ఫంక్ సంగీతం గురించి మాట వచ్చిన ప్రతిచోటా ఒక కథ తిరుగుతూ ఉంటుంది. లోతైన కింది స్వరాలు పలికే బాస్ గిటార్ తీగల్ని బొటనవేలితో కొట్టి వాయించే స్లాప్ పద్ధతి ఎలా పుట్టిందో చెప్పే కథ. ఆర్గన్ పాడైందట, ఒక కుర్రాడి చేతికి బాస్ గిటార్ వచ్చిందట. డ్రమ్మర్ లేకుండా పోయాడట, ఏం చేయాలో తోచక ఆ కుర్రాడు తీగల్ని బాదాడట. అలా గుడ్డిగా ఒక పద్ధతి పుట్టేసిందట. తర్వాత స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ బ్యాండ్ నాయకుడు స్లై స్టోన్ చేరదీశాడు కాబట్టి పేరొచ్చింది, ఆ బ్యాండ్ నుంచి బయటికొచ్చాక ఎవరికీ పట్టలేదు అని ముగిస్తారు. ఆ కుర్రాడు లారీ గ్రాహం. కథలో కొన్ని నిజాలు ఉన్నాయి, అందుకే అందరూ నమ్ముతున్నారు. కానీ ఆ నిజాల మీద కట్టిన తీర్పులన్నీ తప్పు.

ముందు ఆ "అనుకోకుండా పుట్టింది" అన్న మాట చూద్దాం. గ్రాహం 1946లో టెక్సాస్‌లోని బోమాంట్‌లో పుట్టి, కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పెరిగాడు. తల్లి డెల్ గ్రాహం పియానో వాయిస్తూ పాడేది. పదిహేనేళ్ల వయసుకే అమ్మ బ్యాండ్‌లో చేరాడు. చేతుల్లో గిటార్, కాళ్ల కింద ఆర్గన్ బాస్ పెడళ్లు, రెండూ ఒకేసారి. ఆర్గన్ పాడయ్యాక పాటకి అడుగు లేకుండా పోయింది. అది బాగయ్యేదాకా సర్దుకుందామని ఒక బాస్ గిటార్ అద్దెకు తెచ్చాడు. ఆర్గన్ బాగవలేదు. కొన్నాళ్లకు డ్రమ్మర్ కూడా లేకుండా తల్లీకొడుకులిద్దరే వాయించాల్సి వచ్చింది.

ఇంతవరకూ అనుకోకుండా జరిగినదే, ఒప్పుకుంటాను. కానీ డ్రమ్మర్ లేని బ్యాండ్లు ప్రపంచంలో ఎన్ని లేవు? వాళ్లంతా ఏం చేశారు? మెల్లగా వాయించుకున్నారు, లేదా ఇంకో డ్రమ్మర్ని వెతుక్కున్నారు. గ్రాహం అలా చేయలేదు. డ్రమ్స్‌లో ఏ దెబ్బ ఎక్కడ పడుతుందో ఆయనకు తెలుసు, స్కూల్లో డ్రమ్స్ వాయించినవాడే. కాలితో కొట్టే పెద్ద బేస్ డ్రమ్ పడాల్సిన చోట బొటనవేలితో మందపు తీగను కొట్టాడు. పుల్లతో కొట్టే పదునైన స్నేర్ డ్రమ్ పడాల్సిన చోట వేలితో సన్నతీగను లాగి వదిలాడు. పోయిన డ్రమ్మర్ రెండు చేతుల పనినీ, కాలి పనినీ తన కుడిచేతిలోకి తెచ్చుకున్నాడు. దీన్ని గుడ్డిగా బాదడం అంటే ఎలా?

ఇది దగ్గర్నుంచి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. బొటనవేలి పక్కనుండే ఎముక గట్టిగా తగలాలి, తగిలిన వెంటనే వెనక్కి రావాలి. తీగ వెళ్లి కింద గిటార్ మెడ మీది లోహపు మెట్ల మీద పడి "టక్" మంటుంది. ఒక్క క్షణం ఆలస్యమైతే వేలే తీగను ఆపేస్తుంది, శబ్దం చచ్చిపోతుంది. ఇంకో వేలు సన్నతీగ కిందకి వెళ్లి దాన్ని పైకి లాగి వదిలితే "ఠప్" అని పదునుగా పలుకుతుంది. ఈలోపు ఎడమచెయ్యి మోగకూడని తీగలన్నిటినీ నొక్కిపట్టి ఉండాలి. అసలు కష్టమంతా ఆ ఎడమచేతిలోనే ఉంది. నేను బాస్ నేర్చుకున్న కొత్తలో వారాల తరబడి బొటనవేలు వాచిపోయింది, అయినా వినిపించింది గోలే. తెలంగాణలో డప్పు కొట్టేవాళ్లను చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో సిటికెన పుల్ల. ఒకటి బరువైన దెబ్బ, ఒకటి సన్నటి దెబ్బ, రెండూ కలిస్తేనే దరువు. గ్రాహం బొటనవేలు సిర్ర, పక్కవేలు సిటికెన పుల్ల. రాత్రుళ్లు క్లబ్బుల్లో, పాట వెనక పాటగా, అమ్మ పియానోకి తోడుగా వాయిస్తూ సాధించిన పని ఇది.

ఇంకొంతమంది దీనికి పూర్తిగా ఎదురుమాట చెబుతారు: అందులో కొత్తేముంది, స్లాప్ పాతదేగా అని. న్యూ ఆర్లీన్స్‌లో జాజ్ మొదలైన రోజుల నుంచీ నిలబెట్టి వాయించే పెద్ద చెక్క బాస్ తీగల్ని లాగి కర్రకి తగిలేలా కొట్టినవాళ్లున్నారు, నిజమే. 1950ల రాకబిల్లీలోనూ (రాక్ అండ్ రోల్ తొలి రూపాల్లో ఒకటి) ఉంది. తీగను చరిచిన మొదటి మనిషి గ్రాహం కాదు. కానీ కరెంటు బాస్ మీద బొటనవేలినీ పక్కవేలినీ రెండు డ్రమ్ములుగా విడదీసి పెట్టిన పని ఆయనది. ఆయన దాన్ని స్లాప్ అని కూడా అనలేదు. తన మాటల్లో అది "థంపింగ్ అండ్ ప్లకింగ్", కొట్టడం, లాగడం.

స్లాప్ అంటే వేగం, షో చేయడం తప్ప సంగీతం కాదు అనేవాళ్లకి రెండు పాటలు చాలు. 1969 చివర్లో వచ్చి, 1970లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లిన స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ పాట "థాంక్యూ" వినండి. బొటనవేలి దెబ్బలు స్పష్టంగా వినిపిస్తాయి. అయినా అందులో పరుగులేం లేవు, ఒక చిన్న వరస పాటంతా తిరిగి తిరిగి వస్తుంది. దానికి ఏడాది ముందొచ్చిన "ఎవ్రీడే పీపుల్" ఇంకా గొప్ప సాక్ష్యం. పాట మొదలు నుంచి చివరిదాకా గ్రాహం వాయించింది ఒకే ఒక్క స్వరం. మెరుపుల్లేవు. పైన పియానో, గొంతులు, బాకాలు మారుతూ ఉంటే కింద ఆ ఒక్క స్వరం నేలలా ఉంటుంది. ఆ పాట కూడా మొదటి స్థానానికి వెళ్లింది. షో చేయాలనుకునేవాడు ఆ పాటలో ఒక్క స్వరంతో ఆగగలడా?

ఇక "స్లై లేకపోతే గ్రాహం లేడు" అన్న వాదన. స్లై స్టోన్ గొప్ప రచయిత, దానిలో వాదనే లేదు. కానీ ఎవరు ఎవరిని వెతుక్కుంటూ వచ్చారు? స్లై అప్పుడు కేసాల్ రేడియోలో డీజే. తల్లీకొడుకుల పాటలు విన్న ఒక అభిమాని పదే పదే ఆ రేడియోకి ఫోన్ చేసి, ఈ కుర్రాణ్ణి వచ్చి వినమని పట్టుబట్టింది. స్లై వెళ్లి విన్నాడు, బ్యాండ్‌లోకి పిలిచాడు. అంటే బొటనవేలి పద్ధతి స్లైకి ముందే తయారై ఉంది. బ్యాండ్ 1971 ఆల్బమ్ "దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్"లో చాలాచోట్ల స్లైయే స్వయంగా బాస్ వాయించుకున్నాడు, డ్రమ్ మెషిన్ వాడాడు. అదీ మంచి ఆల్బమే. ఐనా గ్రాహం లేనిచోట ఆ కింది బరువు తగ్గిందని నా చెవికి ప్రతిసారీ అనిపిస్తుంది.

చివరిది, "1972లో బయటికొచ్చాక ఏమయ్యాడు" అన్న ప్రశ్న. అడిగేవాళ్లు నిజంగా తెలుసుకోవాలని అడగరు, అదే బాధ. గ్రాహం సెంట్రల్ స్టేషన్ అని సొంత బ్యాండ్ పెట్టాడు, మొదటి ఆల్బమ్ 1974లో వచ్చింది. ఆ బ్యాండ్ "యువర్ లవ్" పాట 1975లో అమెరికా ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది. అదే ఆల్బమ్‌లోని "ద జామ్" ఇప్పటికీ బాస్ నేర్చుకునేవాళ్లు చెమటోడ్చి సాధన చేసే పాట. 1993లో ఫ్యామిలీ స్టోన్ సభ్యుడిగా రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు. 1990ల చివర్లో పాప్ గాయకుడు ప్రిన్స్ ఆయన్ని తనతో టూర్లకు తీసుకెళ్లాడు, ఇద్దరూ కలిసి ఆల్బమ్ కూడా తెచ్చారు. ప్రిన్స్ యెహోవా సాక్షుల మతంలోకి రావడానికి కూడా గ్రాహమే దారి చూపాడు.

సొంత పేరుతో ఆయనకు అన్నిటికంటే పెద్ద హిట్ 1980లో వచ్చింది. "వన్ ఇన్ ఎ మిలియన్ యూ", అమెరికా పాప్ జాబితాలో తొమ్మిదో స్థానం. వినండి. అది నెమ్మదైన ప్రేమగీతం, అందులో వినిపించేది ఆ లోతైన గొంతు. బొటనవేలి దెబ్బ ఒక్కటి కూడా లేదు.