ఏరు దాటాక బోడి మల్లయ్య

కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) గురించి మాట్లాడే పెద్దలంతా అందులో మెమరీ పంచే బడ్డీ అలొకేటర్‌ని పొగిడేవాళ్లే. ర్యామ్ మొత్తం ఆయన చేతిలోనే ఉంటుందట, సగానికి సగం కోసి పంచుతాడట, తిరిగొచ్చిన ముక్కల్ని మళ్లీ అతికిస్తాడట. కాదనను. కానీ అయ్యగారు డ్యూటీ ఎక్కాలంటే ముందు ప్రతి పేజీకీ (ర్యామ్‌ని లెక్కపెట్టే చిన్న ముక్క) ఒక చిట్టా సిద్ధంగా ఉండాలి. లినక్స్‌లో 4 కేబీ పేజీకి సాధారణంగా 64 బైట్ల చిట్టా, పేరు స్ట్రక్ట్ పేజ్, అంటే 16 జీబీ మెషిన్లో చిట్టాలకే 256 ఎంబీ. మరి ఆ 256 ఎంబీ ఎవరివ్వాలి, మెమరీ ఇచ్చే నాథుడే ఇంకా నిద్ర లేవకపోతే?

అప్పుడు గుర్తొస్తాడు మెమ్‌బ్లాక్, బడ్డీ వచ్చేదాకా బూట్ సమయంలో మెమరీ పంచే తాత్కాలిక ఉద్యోగి. ఆయన ఆస్తల్లా రెండు జాబితాలు: ఉన్న మెమరీ ఒకటి, ఎవరో ముందే కర్చీఫ్ వేసేసిన మెమరీ ఇంకొకటి. మామూలుగా ఒక్కో దాంట్లో 128 గడులు, అవి కూడా కెర్నల్ ఇమేజ్‌లోనే వస్తాయి కాబట్టి ఎవర్నీ చెయ్యి చాచి అడగడు. గడులు నిండిపోతే రెట్టింపు జాబితాకి చోటు తనే వెతుక్కుని, దానిమీద కూడా తనే కర్చీఫ్ వేసుకుంటాడు. తన కుర్చీ తనే మోసుకొచ్చే ఇలాంటి ఉద్యోగి ఇంకెక్కడైనా ఉన్నాడా?

ఈయనకంటే ముందు 1999 నుంచి బూట్‌మెమ్ అని ఇంకో తాత్కాలిక ఉద్యోగి ఉండేవాడు. పేజీకో బిట్ పెట్టుకుని లెక్క రాసేవాడు, అయితే ఆ బిట్ల పుస్తకం ఎక్కడ పెట్టుకోవాలో కొన్ని ఆర్కిటెక్చర్లలో (అంటే ప్రాసెసర్ రకాల్లో) మెమ్‌బ్లాకే వెతికి పెట్టాల్సి వచ్చేది (తాత్కాలికానికి ఒక తాత్కాలికం అన్నమాట). బూట్‌మెమ్‌ని సాగనంపింది 2018లో, 4.20 వెర్షన్‌తో. మన దగ్గర తాత్కాలికం అంటే ఆ మాత్రం ఉంటుంది మరి.

ఇంత చేసి మెమ్‌బ్లాక్ మిగిలిన మెమరీని బడ్డీ చేతిలో పెట్టగానే ఏం జరుగుతుంది? కొన్ని ఆర్కిటెక్చర్లు జాబితాల్ని దాచుకుంటాయి, అసలు ర్యామ్ ఏ అడ్రస్‌లో ఉందో మళ్లీ అడగాల్సి రావచ్చని. మిగతా చోట్ల కోడ్‌తో సహా తుడిచేసి, ఆ చోటు కూడా బడ్డీకే రాసిచ్చేస్తారు. పైగా లాగ్‌లో ఆ మెసేజ్ చూడండి: 'ఫ్రీయింగ్ అన్‌యూజ్డ్ కెర్నల్ మెమరీ'. అన్‌యూజ్డ్ అట! ఇందాకటిదాకా వాడుకున్నది ఎవర్నండీ? ఆ ఒక్క పదం మార్చమని నా డిమాండ్.

మార్చరని తెలుసు. ఎప్పుడో ఏ డ్రైవర్ పిల్లాడో రిజర్వ్ చేయడం మరిచిపోయిన చోటుని బడ్డీ ఇంకెవరికో ఇచ్చేసి, సిస్టమ్ కుప్పకూలి, అందరూ టెన్షన్ పడుతున్నప్పుడు మాత్రం బూట్ లైన్‌లో 'మెమ్‌బ్లాక్=డీబగ్' అని కొట్టి, ఈయన రాసిన ప్రతి పద్దూ బయటికి లాగి మరీ విచారణ మొదలెడతారు.