వినేవారు లేని వాంగ్మూలాలు

గుణాత్మక పరిశోధనలో, అంటే అంకెలతో కాక మనుషుల మాటల ద్వారా వారి అనుభవాలను అర్థం చేసుకునే పరిశోధనలో, ఇంటర్వ్యూ చేసే పనిని కృత్రిమ మేధకు (ఏఐ) అప్పగించవచ్చునా అన్నది ఇప్పుడు ఊహాజనితమైన ప్రశ్న కాదు. చాలామంది షేర్ మార్కెట్ జోలికి ఎందుకు పోరో తెలుసుకోవడానికి ఫెలిక్స్ చోప్రా, ఇంగర్ హాలాండ్ అనే ఆర్థికవేత్తలు 2023 నాటికే 381 ఇంటర్వ్యూలను ఏఐ చేత చేయించారు. మరుసటి ఏడాది లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన ఫ్రీడ్రిక్ గైకె, జేవియర్ జరావెల్ ఇదే పనిని భారీ స్థాయిలో చేసే పద్ధతిని ముందుకు తెచ్చారు. 2025 డిసెంబరులో ఏఐని తయారుచేసే ఆంత్రోపిక్ అనే సంస్థ, వివిధ రంగాల ఉద్యోగులు, శాస్త్రవేత్తలు, కళాకారులు కలిపి 1,250 మందిని తన ఏఐ చేత ఇంటర్వ్యూ చేయించి ఫలితాలు వెల్లడించింది. ఈ పద్ధతి మన విశ్వవిద్యాలయాలకు, స్వచ్ఛంద సంస్థలకు, ప్రభుత్వ శాఖలకు చేరడానికి ఎక్కువ కాలం పట్టదు. చేరకముందే ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. మనుషుల గాయాల గురించి, భయాల గురించి, అవమానాల గురించి అడిగే పరిశోధనలో ఈ పద్ధతికి చోటు ఉండకూడదు.

సమర్థకుల వాదన బలహీనమైనదేమీ కాదు. శిక్షణ పొందిన పరిశోధకులు నెలల తరబడి తిరిగి కొన్ని పదుల మందితో మాట్లాడగలిగితే, యంత్రం రోజుల్లోనే వేలమందితో మాట్లాడుతుంది, అలసిపోదు, విసుక్కోదు, ఖర్చూ తక్కువే. ఎదుట మనిషి లేనందువల్ల సంకోచం తగ్గి కొందరు మరింత స్వేచ్ఛగా మాట్లాడతారన్నదీ నిజమే. 1960లలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ తయారుచేసిన ఎలైజా అనే చిన్న ప్రోగ్రాముతో సంభాషిస్తూ, ఆయన కార్యదర్శి ఆయననే కాసేపు గది బయటికి వెళ్ళమని కోరింది. మనిషి యంత్రం ముందు మనసు విప్పగలడని అప్పుడే తేలిపోయింది. నా అభ్యంతరం అలా విప్పిన మాటను ఎవరు విన్నారన్న దాని గురించి.

ఈ పద్ధతిని కోరుకునేవారు అన్నిటికంటే నమ్మకంగా చెప్పేది, యంత్రానికి జాతి, కులం, హోదా లేవు గనుక దానికి వచ్చే జవాబు కల్మషం లేనిదై ఉంటుందని. ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి అమెరికా చరిత్రలోని ఒక ఉదంతం చాలు. 1936-38 మధ్య అక్కడి ప్రభుత్వ పథకమైన ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్టు, బానిసత్వంలో పుట్టి అప్పటికి బతికి ఉన్న వృద్ధుల నుంచి 2,300కు పైగా జీవిత కథనాలను సేకరించింది. దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్‌లో నూరేళ్లు దాటిన సుసాన్ హామ్లిన్ అనే వృద్ధురాలిని ఇద్దరు వేర్వేరుగా కలిశారు. జెస్సీ బట్లర్ అనే తెల్లజాతి మహిళ అడిగినప్పుడు, తన యజమాని మంచివాడని, బాగా చూసుకున్నాడని ఆమె చెప్పింది. ఆగస్టస్ లాడ్సన్ అనే నల్లజాతి యువకుడు అడిగినప్పుడు కొరడా దెబ్బల గురించి, కన్నవారినీ తోబుట్టువులనూ ఉన్నపళంగా అమ్మేస్తుంటే రాత్రింబవళ్లు వినిపించిన ఆక్రందనల గురించి చెప్పింది.

అడిగేవారి రంగు జవాబును ఎలా మారుస్తుందో చూపడానికి ఈ ఉదంతాన్ని పరిశోధనా పద్ధతుల తరగతుల్లో పాఠంగా చెబుతారు. నేను దీన్ని మరో వైపు నుంచి చదువుతాను. బట్లర్ సంక్షేమ కార్యాలయం నుంచి వచ్చిందని ఆ వృద్ధురాలు అనుకుంది. ఆర్థిక మాంద్యపు రోజుల్లో, తన తిండి ఎవరి దయ మీద ఆధారపడి ఉందో వారి ముందు కూర్చున్నానని తలచి ఆచితూచి మాట్లాడింది. ఆమె మాటను మార్చింది బట్లర్ ముఖం ఒక్కటే కాదు, ఆ ముఖం వెనుక ఆమె ఊహించుకున్న అధికారం కూడా. యంత్రం ముఖాన్ని తీసేయగలదు గాని ఆ అధికారాన్ని తీసేయలేదు. పింఛను మీద బతికే వృద్ధురాలికి ఫోనులో ఒక మృదువైన కంఠం వినిపించి, మీ జీవితం ఎలా సాగుతోందని అడిగితే, ఆమె మనసులో మొదట మెదిలేది ఆ పింఛనే. తాను ఎవరితో మాట్లాడుతోందో పోల్చుకోవడానికి ఆమెకు ఆనవాలు ఒక్కటీ ఉండదు. ఎనభై ఏళ్లకు పైగా గడిచాక కూడా హామ్లిన్ రెండు కథనాలను పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నామంటే, అడిగినవారికి పేర్లున్నాయి, స్థానాలున్నాయి, వారిని ప్రశ్నించే వీలుంది. ఎవరికి చెప్పారన్నది తెలియని వాంగ్మూలాన్ని రేపటి పరిశోధకులు దేనితో పోల్చి తూకం వేస్తారు?

తెలుగువారికి ఇది తెలియని సంగతి కాదు. తెలంగాణ సాయుధ పోరాటం ముగిసిన మూడు దశాబ్దాల తర్వాత హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన సభ్యులు ఆ పోరాటంలోని మహిళలను వెతుక్కుంటూ వెళ్లారు. ఆ సంభాషణలే 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా వచ్చాయి. (గుణాత్మక పరిశోధనలోకి అడుగుపెట్టే ప్రతి తెలుగు విద్యార్థీ మొదట చదవవలసింది ఆ పుస్తకాన్నే.) చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటి పేరున్నవారి మాటలతో పాటు, అడవిలో దళంతో ఉన్న కాలంలో పసిబిడ్డను పరాయి చేతుల్లో పెట్టవలసి వచ్చిన కమలమ్మ మాట కూడా అందులో ఉంది. పోరాటం ఆగాక ఇంటికి వెళ్లి సంసారం చూసుకోమన్న పార్టీ మీద దిగమింగుకున్న కోపం ఉంది. అలాంటి సంగతి పది పదిహేను నిమిషాల్లో, ముందే రాసిపెట్టిన లక్ష్యం వైపు నడిచే ప్రశ్నలకు జవాబుగా బయటికి రాదు. అడిగినవారు స్త్రీలు, ఒక ఉద్యమంలో ఉన్నవారు, తమ కాలపు చిక్కుముడులకు ఆ పాత అనుభవంలో దారి వెతుక్కుంటున్నవారు. విన్నదానితో వారి ఆలోచనలూ మారాయి. వినేవారు ఇలా మారే అవకాశం ఉన్నప్పుడే చెప్పేవారు తెగించి చెబుతారని నా విశ్వాసం.

ఇక అతి మామూలు భద్రత సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే గుణాత్మక పరిశోధన కాదు, నిర్ణీత ప్రశ్నావళి మాత్రమే. అందులో కూడా గృహహింస ప్రశ్నలు అడిగేటప్పుడు ఇంటికి ఒక్క మహిళనే ఎంచుకోవాలి, ఆమె ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి, ఎవరైనా వస్తే మాట మార్చాలి, ఏకాంతం దొరకకపోతే ఆపేయాలి. గుమ్మంలో నీడ పడగానే ప్రశ్న మార్చే ఆ కార్యకర్త చూపు ఫోనులోని కంఠానికి లేదు. పైగా అదే సర్వే 2019-21 లెక్కల ప్రకారం, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోను ఉన్న మహిళలు దేశంలో 54 శాతమే. మిగిలినవారు ఎవరి ఫోనులో, ఎవరి ఎదుట తమ గోడు చెప్పుకోవాలి?

అసలు ఆందోళన పరిశోధనను దాటిపోయినది. ప్రజల ఎదుట కూర్చోవలసిన అవసరాన్ని తగ్గించుకునే ప్రతి సాధనాన్నీ మన పాలకులు ఆత్రంగా అందుకుంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో సేవలు అందాయా, సంతృప్తిగా ఉన్నారా అని ఐవీఆర్ఎస్ ఫోన్లతో, అంటే రికార్డు చేసిన గొంతు అడిగితే అంకె నొక్కి జవాబిచ్చే ఫోన్లతో, అడిగి, నొక్కిన అంకెలను శాతాలుగా మార్చి చూసుకోవడం ఏళ్లుగా పాలనలో భాగమైపోయింది. నొక్కిన అంకెలో కథ లేదన్న విమర్శ ఇన్నాళ్లూ నిలబడింది. రేపు కథను కూడా యంత్రమే అడిగి, యంత్రమే సారాంశం తీసి, అధికారి ముందు ఒక పుటగా పెడుతుంది, ప్రజలతో లోతుగా మాట్లాడామన్న మాట నివేదికలోకి ఎక్కుతుంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్, కొత్త ప్రాజెక్టులపై జరిపే బహిరంగ విచారణకు కలెక్టరు గాని, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని ప్రతినిధి గాని అధ్యక్షత వహించాలని నిర్దేశించింది. ఆ విచారణలు ఎంత మొక్కుబడిగా జరుగుతున్నా, భూమి పోగొట్టుకునే రైతు ఒక అధికారి కళ్లలోకి చూసి అడ్డుచెప్పే హక్కు అక్కడ మిగిలింది. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసే వీలున్నా రెండు రాష్ట్రాల్లోనూ సోమవారం వచ్చిందంటే కలెక్టరేట్ల దగ్గర అర్జీలతో జనం బారులు తీరుతున్నది అందుకే. తమ మాట ఒక మనిషి చెవిన పడిందని, ఆ మనిషి రేపు కాదనలేడని వారికి నమ్మకం కావాలి.

కాబట్టి మన విశ్వవిద్యాలయాల నైతిక పరిశీలనా సంఘాలు ఇప్పుడే నిబంధనలు రాసుకోవాలి. గృహహింస, కుల వివక్ష, రైతు ఆత్మహత్యలు, నిర్వాసిత్వం వంటి విషయాలపై యంత్రం చేసే ఇంటర్వ్యూలకు అనుమతి ఇవ్వకూడదు. మిగతా విషయాల్లో అనుమతించినా, అడిగేది యంత్రమని మొదటి వాక్యంలోనే తెలుగులో చెప్పాలి, వెనుక ఉన్న సంస్థ ఏదో చెప్పాలి, ఆ జవాబుకూ వారికి అందే ఏ పథకానికీ సంబంధం లేదని చెప్పాలి. ప్రతి నివేదికలోనూ ఎంతమందిని అడిగారన్న సంఖ్య పక్కనే, వారిలో ఎంతమంది మాటలను ఒక పరిశోధకుడు మొదటి నుంచి చివరి దాకా స్వయంగా విన్నాడో ఆ సంఖ్యను, ఆ పరిశోధకుడి పేరుతో సహా అచ్చు వేయాలి.