టెక్సస్‌లో తీర్పు మార్చిలోనే

అమెరికాలో గవర్నర్ అంటే మన రాజ్‌భవన్‌లో ఉండే గవర్నర్ కాదు. జనం ఓటేసి నేరుగా ఎన్నుకునే పాలకుడు. టెక్సస్‌లో 1990లో యాన్ రిచర్డ్స్ గెలిచాక ఆ పదవి మరో డెమోక్రాట్‌కు దక్కలేదు, రిపబ్లికన్లే గెలుస్తున్నారు. అంతకుముందు పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. 1874 నుంచి 1979 దాకా గవర్నర్లంతా డెమోక్రాట్లే.

ఒకే పార్టీ ఏళ్ల తరబడి గెలిచే ఇలాంటి చోట అసలు ఎన్నిక నవంబరులో జరగదు, మార్చిలో పార్టీ ప్రైమరీలోనే, అంటే ఆ పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లు తేల్చే ఎన్నికలోనే అయిపోతుంది. ఈ సంగతి ఒకప్పటి శ్వేతజాతి నాయకులకు బాగా తెలుసు. అందుకే 1923లో డెమోక్రటిక్ ప్రైమరీలో నల్లజాతివారు ఓటేయకూడదని ఏకంగా చట్టం చేశారు. ఎల్ పాసో డాక్టర్ లారెన్స్ నిక్సన్ కోర్టుకెళ్తే 1927లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అయినా ఆగలేదు, అదే నిషేధాన్ని పార్టీ తీర్మానంగా తెచ్చారు. అది పార్టీ సొంత వ్యవహారమని 1935లో అదే కోర్టు సమర్థించింది కూడా! హ్యూస్టన్ దంతవైద్యుడు లోనీ స్మిత్ కేసులో 1944లో గానీ ఆ అన్యాయం ఆగలేదు. నవంబరు ఓటు వాళ్లకు చట్టప్రకారం అప్పుడూ ఉంది. వాళ్లు ఇన్నేళ్లు కొట్లాడింది ప్రైమరీ ఓటు కోసం.

అంత కష్టపడి సాధించిన ఓటును ఇవాళ ఎంతమంది వాడుకుంటున్నారు? 2022 రిపబ్లికన్ ప్రైమరీలో ఓటేసినవారు సుమారు 19 లక్షలు. జాబితాలో ఉన్న ఓటర్లు కోటీ 70 లక్షలకు పైనే. ఆ కొద్దిమందిని మెప్పిస్తే చాలనుకునే నాయకుడు మిగతావారి గోడు ఎందుకు వింటాడు? టెక్సస్ గవర్నర్ ఎన్నిసార్లయినా పోటీ చేయొచ్చు. యూనివర్సిటీ బోర్డుల నుంచి కరెంటు నియంత్రణ సంస్థ దాకా ఆయన నియమించినవాళ్లే ఉంటారు. 2021 ఫిబ్రవరి చలిలో కరెంటు పోయి లక్షల ఇళ్లు చీకటిలో మగ్గాయి, 200 మందికి పైగా చనిపోయారు. గవర్నర్ ఎవరన్నది ఇంటి లోపలి విషయం కూడా.

డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో ఓటు హక్కున్న తెలుగువారు చాలామందే ఉన్నారు. ప్రైమరీ అంటే పార్టీ కార్యకర్తల గొడవ అనుకుని దూరంగా ఉండొద్దని మా విన్నపం. పార్టీ సభ్యత్వం అక్కర్లేదు, పోలింగ్ కేంద్రంలో ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెబితే చాలు. నమోదు గడువు మాత్రం పోలింగ్‌కు 30 రోజుల ముందే ముగుస్తుంది. తెలుగు సంఘాలు సంక్రాంతి సంబరాల దగ్గరే ఓటరు నమోదు టేబుల్ పెట్టాలి. అభ్యర్థులను శాలువాలు కప్పడానికి పిలిచే బదులు స్కూళ్ల నిధుల మీద, ఆస్తి పన్ను మీద, కరెంటు మీద ప్రశ్నలు అడగడానికి పిలవాలి. అదీ ఫిబ్రవరిలోపే.