ఎంజైము పనిచేయడం లేదంటే ముందు మోతాదు చూడాలి

దీర్ఘకాలిక ప్యాంక్రియాటైటిస్‌లో (క్లోమం, అంటే ప్యాంక్రియాస్ గ్రంథి, ఏళ్ల తరబడి వాచి దెబ్బతినే జబ్బు) నొప్పికి దొరికే శ్రద్ధ జీర్ణబాధలకు దొరకదు. నొప్పి వస్తే ఆసుపత్రికి పరుగెత్తుతారు. కడుపుబ్బరం, గ్యాస్, జిడ్డు విరేచనాలను మాత్రం ‘ఈ జబ్బుకు ఇంతే’ అని భరిస్తారు. నిజానికి ఈ జబ్బులో మందుకు, అంటే క్లోమం ఇవ్వలేని జీర్ణ ఎంజైములను బయటి నుంచి అందించే క్యాప్సూళ్లకు, బాగా లొంగే బాధలు ఇవే. లొంగలేదంటే చాలాసార్లు లోపం మందులో ఉండదు, రాసిన మోతాదులోనో వేసుకున్న వేళలోనో ఉంటుంది.

మలం పాలిపోయి, నీళ్లపై తేలుతూ, రెండుసార్లు ఫ్లష్ చేసినా కమోడ్‌కు అంటుకుని, పైన నూనె తెట్టులా కనిపిస్తుంటే కొవ్వు అరగకుండానే పోతోందన్నమాట. క్లోమంలో తయారయ్యే, కొవ్వును అరిగించే ఎంజైము లైపేజ్ మామూలులో పదో వంతుకు పడిపోయేదాకా ఈ జిడ్డు స్పష్టంగా బయటపడదు. కాబట్టి జిడ్డు కోసం ఎదురుచూడకుండా, సరిగా తింటున్నా బరువు తగ్గుతుంటే మలంలో ఎలాస్టేజ్ (క్లోమంలో తయారయ్యే మరో ఎంజైము) పరీక్ష చేయించాలి. గ్రాముకు 200 మైక్రోగ్రాముల లోపు ఉంటే క్లోమం చాలినంత ఎంజైము ఇవ్వడం లేదని అనుమానించాలి, 100 లోపైతే అనుమానం బాగా బలపడుతుంది. నీళ్ల విరేచనం నమూనాగా ఇస్తే అంకె లేనిపోని తగ్గుదల చూపిస్తుంది.

పెద్దవారికి ఎంజైము మోతాదు ప్రధాన భోజనానికి 40,000–50,000 యూనిట్ల లైపేజ్‌తో మొదలవుతుంది, చిరుతిండికి అందులో సగం. 10,000 యూనిట్ల క్యాప్సూల్ ఒక్కటే, అదీ భోజనం ముగిశాక వేసుకునేవారికి అందేది మహా అయితే అవసరంలో నాలుగో వంతు. నెల తిరిగేసరికి ‘గుణం లేదు’ అని మానేస్తారు. పనిచేసే మందును ఇలా వదులుకోవడం చాలా బాధ కలిగించే విషయం.

క్యాప్సూల్ విప్పి చూస్తే ఆవగింజల్లాంటి చిన్న పూసలు కనిపిస్తాయి, ఒక్కోదానికీ పూత. కడుపులోని ఆమ్లానికి లైపేజ్ చచ్చిపోతుంది కాబట్టి, చిన్నపేగులో పీహెచ్ 5.5 దాటాకే (ఆమ్లగుణం బాగా తగ్గాకే) కరిగేలా ఆ పూత వేస్తారు. పూసలు ఆహారంతో కలిసి కిందికి దిగితేనే ఫలితం. పరగడుపున వేసుకుంటే తిండి కన్నా ముందే వెళ్లిపోతాయి, తిన్నాక వేసుకుంటే వెనకబడతాయి. కొన్ని మొదటి ముద్దతో, మిగతావి భోజనం మధ్యలో చల్లటి నీళ్లతో మింగాలి. నమిలితే పూత పోవడమే కాదు, నోరు పుండవుతుంది కూడా. ఎండ తగిలే చోట, వేడెక్కే వాహనంలో సీసా ఉంచితే ఎంజైము బలం తగ్గుతుంది. ఈ మందును పంది క్లోమం నుంచి తీస్తారు. ఆ మాట రోగికి మొదటి రోజే చెప్పడం ధర్మం.

ఇలా సరిగా వేసుకున్నా జిడ్డు పోకపోతే మోతాదు రెట్టింపు చేస్తారు. అప్పటికీ కుదరకపోతే ఆమ్లాన్ని తగ్గించే ప్యాంటొప్రజోల్ వంటి మాత్ర కలుపుతారు. ఎందుకంటే జబ్బుపడిన క్లోమం నుంచి ఆమ్లాన్ని విరిచే బైకార్బనేట్ కూడా తక్కువగానే వస్తుంది, దాంతో పేగులో ఆమ్లం విరగక పూత సమయానికి కరగదు. ఇవన్నీ చేశాక కూడా ఉబ్బరం ఉంటే, చిన్నపేగులో బాక్టీరియా అతిగా పెరిగిందేమో చూడాలి. నొప్పికి వాడే ఓపియాయిడ్ (నల్లమందు తరహా) మాత్రల వల్ల వచ్చే మలబద్ధకమూ ఉబ్బరంలా కనిపిస్తుంది. దానికి ఎంజైము పెంచి లాభం లేదు.

కొవ్వు పూర్తిగా మానేయమనే సలహాకు కాలం చెల్లింది. అప్పటికే చిక్కిపోయిన మనిషి నుంచి కేలరీలనూ, కొవ్వుతోనే ఒంటబట్టే ఏ, డి, ఈ, కె విటమిన్లనూ ఇంకా దూరం చేయడమే అవుతుంది. కొవ్వుకు తగ్గట్టు ఎంజైము పెంచుకోవాలి, తక్కువ తక్కువగా ఎక్కువసార్లు తినాలి. పీచు మరీ ఎక్కువైతే ఎంజైము పనికి అడ్డుపడుతుంది. మద్యం, పొగ మాత్రం పూర్తిగా మానాల్సిందే.

మధుమేహం ఉన్నవారు ఇంకో జాగ్రత్త పడాలి. ఎంజైముతో తిండి ఒంటబట్టడం మొదలయ్యాక రక్తంలో చక్కెర పెరగొచ్చు, ఇన్సులిన్ లెక్క మార్చాల్సి రావచ్చు. క్యాప్సూల్ మరిచిపోయి ఇన్సులిన్ మాత్రం మామూలుగా తీసుకుంటే చక్కెర పడిపోయే ప్రమాదమూ ఉంది.

మందు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఎలాస్టేజ్ పరీక్ష మళ్లీ చేయించనక్కర్లేదు. అది మనిషి సొంత ఎంజైమునే కొలుస్తుంది, మింగిన దాన్ని కాదు. బరువు, మలం తీరు, విటమిన్ డి స్థాయి, ఎముకల సాంద్రత చూస్తే చాలు.