మావాడికి మొక్కుంది

గత కార్తీక వనభోజనాల నాడు మన తెలుగు సంఘం నాకు చేసిన సన్మానం ఈ పత్రిక చదివేవారిలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చలికి జడిసి పార్కు వదిలేసి, పాఠశాల భోజనశాలలో పెట్టుకున్న వనభోజనం అది. కుండీలోని ఉసిరి మొక్కకు పూజ అయింది, పిల్లల పాటలు అయ్యాయి, తంబోలా కూడా అయింది. అప్పుడు మైకు పట్టుకున్న మిత్రుడు నన్ను వేదిక మీదికి పిలిచి, ఎర్ర రిబ్బను చుట్టిన కొత్తిమీర కట్ట నా చేతిలో పెట్టి, “ఈ ఏటి ఉత్తమ మేత పురస్కారం” అని ప్రకటించాడు. హాలంతా ఘొల్లున నవ్వింది. నేనూ నవ్వాను; వేదిక మీద నిలబడినవాడు నవ్వక ఏం చేస్తాడు? మా ఆవిడ మాత్రం నవ్వలేదు. కారు ఇల్లు చేరేదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ కొత్తిమీరను మరునాడు కడిగి, పచ్చిమిరపకాయలు వేసి, నిమ్మకాయ పిండి పచ్చడి నూరింది. ఇద్దరం తిన్నాం.

నాలుగేళ్లుగా నేను పొయ్యి ఎక్కని ఆహారమే తింటున్నాను. పండ్లు, కూరగాయల ముక్కలు, నానబెట్టిన గింజలు, మొలకలు, కొబ్బరి, చెనక్కాయలు: ఇంతకుమించి అందులో రహస్యం ఏమీ లేదు. నాకు చక్కెర వ్యాధి లేదు, రక్తపోటు లేదు, ఏ వైద్యుడూ ఇలా తినమని చెప్పలేదు. ఒక వేసవిలో సరదాగా నెల రోజులు తిన్నాను, ఒళ్లు తేలికైనట్టు అనిపించింది, అలాగే ఉండిపోయాను. నిజానికి చిక్కంతా ఇక్కడే ఉంది. అదే వనభోజనాల నాడు, అదే హాల్లో, అయ్యప్ప మాల వేసుకున్న ముగ్గురు స్వాములకు వేరే బల్ల వేసి, ఉల్లి వెల్లుల్లి తగలకుండా వేరే గిన్నెల్లో వండించి, అందరికన్నా ముందు వడ్డించారు. చక్కెర వ్యాధి ఉన్న పెద్దలకు అన్నం బదులు చపాతీలు వచ్చాయి. శనివారం కాబట్టి ఒక్కపొద్దు ఉన్నవాళ్లకు పండ్లు వచ్చాయి. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు సరికదా, మన సంఘం చేసే పనుల్లో అన్నిటికన్నా మంచి పని అదేనని నా అభిప్రాయం. అయితే తిననని అన్నవాడి వెనక దేవుడో డాక్టరో నిలబడి ఉంటే మనం చేతులు జోడిస్తాం, వాడొక్కడే నిలబడి ఉంటే కొత్తిమీర కట్ట చేతికిస్తాం. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆలోచిస్తూనే సంక్రాంతికి ఊరికి బయలుదేరాను.

మాది నెల్లూరు జిల్లాలో బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక పల్లె. నాయన పోయి తొమ్మిదేళ్లయింది, అమ్మకు ఎనభై దాటాయి. నాలుగేళ్ల తర్వాత పెద్ద పండుగకు ఇంటికి వెళ్లడం అదే మొదలు కాబట్టి, నా తిండి సంగతి అమ్మకు ఫోనులో విన్న మాటే గాని కళ్లారా చూసింది కాదు. భోగి నాడు పొద్దున అందరికీ పులిబొంగరాలు, కారం దోశలు వడ్డించి, గరిటె పట్టుకుని నా దగ్గరికి వచ్చి ఆగిపోయింది. నా పళ్లెంలో దోసకాయ ముక్కలు, జామకాయ, నాలుగు రేగుపండ్లు ఉన్నాయి. “ఎవురి మీద నాయనా అలిగినావు?” అని అడిగింది.

ఆ ప్రశ్న నాకు ఆ క్షణాన నవ్వులాటగా తోచింది గాని, అందులో ఉన్న లోతు రెండు రోజులకు గాని తెలియలేదు. మన ఇళ్లలో అన్నం మానడం ఒక భాష. కోడలు అలిగితే అన్నం మానుతుంది, పిల్లవాడు అలిగితే పళ్లెం నెడతాడు, కొత్త అల్లుడు స్కూటరు రాలేదని విస్తరి ముందు నుంచి లేచిపోతాడు. నోటితో చెప్పలేని ప్రతి కోపాన్నీ మనం ముద్ద ముట్టకుండా చెప్పుకున్న జాతి. అలాంటి ఇంట్లో, పండుగ పూట, కన్నకొడుకు పొయ్యి మీది వంట వద్దంటే దాన్ని ఆరోగ్య నియమమని ఎవరైనా ఎలా అర్థం చేసుకుంటారు? ఇంకో మాట కూడా ఉంది. వంటింట్లో ‘పచ్చి’ అన్న మాటకే మర్యాద లేదు. పచ్చివాసన పోయేదాకా వేయించమని మనం పుట్టినప్పటి నుంచీ వింటున్నాం. వంట కుదరలేదనడానికి అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

మధ్యాహ్నానికి మా మామ వచ్చాడు. ఆయన బడిపంతులుగా చేసి విశ్రాంతి తీసుకున్న మనిషి, ఏ వాదానికైనా చరిత్ర నుంచి సాక్ష్యం తెచ్చే అలవాటు ఉన్నవాడు. “ఏమయ్యా, గాంధీగారు పల్లిపాడు ఆశ్రమానికి 1921లో వచ్చినప్పుడు మన పెన్న ఒడ్డున కూచున్నాడు. ఆయనే 1929లో ఆంధ్రదేశం తిరుగుతా రాజమండ్రి గోపాలరావు మాట విని నిప్పు తగలని తిండి మొదలుపెట్టినాడు. మొలకెత్తిన గోధుమలు, బాదం ముద్ద, ఆకుకూర, నిమ్మరసం, తేనె. ఒళ్లు చెడి ఆ ఏడాదే మానుకున్నాడు. ఆయన వల్లే కాలేదు, నీ వల్ల అవుతుందా?” అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. రాజమండ్రి ప్రకృతి చికిత్సకుడు సుందరం గోపాలరావు ప్రోద్బలంతో గాంధీ ఆ ప్రయోగం చేయడం, దాని గురించి తన పత్రికలో రాయడం, కొద్ది నెలలకే విరమించుకోవడం జరిగాయి. నేను ఎదురు చెప్పలేదు.

ఎదురు చెప్పకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. పచ్చి ఆహారం గురించి దాన్ని తినేవాళ్లు చేసే ప్రచారంలో చాలా భాగం నేనే నమ్మను. వండితే ఆహారం చచ్చిపోతుందని కొందరు అంటారు. టమాటాలో ఎరుపునిచ్చే లైకోపీన్ వండినప్పుడే ఒంటికి బాగా పడుతుందన్న సంగతి వారు చెప్పరు. ఏళ్ల తరబడి పచ్చివే తింటున్న 201 మందిని జర్మనీలో పరీక్షించి 2005లో ప్రచురించిన పరిశోధనలో, చెడు కొలెస్ట్రాల్ తక్కువగా ఉన్నా, బి12 విటమిన్ చాలామందిలో లోపించిందని తేలింది. నేను పాలు పెరుగు కూడా మానేశాను కాబట్టి బి12 మాత్ర వేసుకుంటాను. మొలకల మాటకొస్తే, 2011లో అదే జర్మనీలో మెంతి మొలకల వల్ల ఇ. కోలై అనే సూక్ష్మజీవి సోకి వేలమంది జబ్బుపడ్డారు, పదుల మంది చనిపోయారు. కాబట్టి నా తిండి అమృతమనీ మీ తిండి విషమనీ నేను ఏనాడూ అనలేదు. అలా అనేవాళ్లు మన సంఘంలో ఒకరిద్దరు ఉన్న మాట వాస్తవమే. పక్కవాడి ఆకులోని గారెను చూసి నూనె లెక్కలు చెప్పేవాడికి కొత్తిమీర కట్ట ఇచ్చినా తప్పులేదు.

మళ్లీ ఊరికి వస్తాను. సంక్రాంతి నాడు మా ఇంట్లో పెద్దలకు పెట్టుకుంటాం. నాయన ఫోటో ముందు కొత్త పంచె పెట్టి, అరిటాకులో గారెలు, పులిహోర, పాయసం, అరిసెలు వడ్డించి, దీపం వెలిగించి, తలుపు కాసేపు దగ్గరికి వేసి, తర్వాత ఆ ఆకులోది అందరం పంచుకుని తింటాం. ఆ ఆకులోది వద్దంటే అది వంటను కాదనడం కాదు, నాయనను కాదనడం. నేను ఒక్క ముద్ద పులిహోర, చిటికెడు అరిసె తిన్నాను. నియమం తప్పానని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. మళ్లీ ఆ రోజు వస్తే మళ్లీ తింటాను.

అమ్మ కళ్లు తుడుచుకోవడం చూశాను. ఆ సాయంత్రమే ఆవిడ ఎవరికీ చెప్పకుండా పెసలు కడిగి నానబోసింది. మరునాడు పొద్దునకల్లా వాటిని తడి గుడ్డలో మూటగట్టి వంటింటి కొక్కేనికి వేలాడదీసింది, రెండు పూటలా నీళ్లు చిలకరించింది. ముక్కనుమ నాడు ఆ మూట విప్పితే తెల్లటి మొలకలు గుడ్డ నేతలోకి చొచ్చుకుపోయి ఉన్నాయి. ఒక్కటీ విరగకుండా గోటితో విడదీసి, కొబ్బరి కోరు, అల్లం తరుగు కలిపి, నిమ్మకాయ పిండి, నా ముందు కూర్చుని వడ్డించడం మొదలుపెట్టింది. ఒక గరిటె అయింది, రెండు అయ్యాయి. “ఇంకొంచెం ఏసుకో నాయనా, ఏం తిన్నావని?” అంటూ మూడోది కూడా వేసింది. మొలకలు కొసరి కొసరి వడ్డించడం మీరెవరైనా చూశారా? ఆ రాత్రి నా కడుపు డోలులా ఉబ్బింది. అయినా నాకు అర్థమైంది ఏమిటంటే, నాలుగు రోజులుగా అమ్మను బాధపెట్టింది నేను దోశ తినకపోవడం కాదు, ఆవిడ చేతికి పని లేకుండా చేయడం. నా డబ్బా నేను తెచ్చుకుని, నా ముక్కలు నేను కోసుకుని, మూలన కూర్చుని తింటూ అదే మర్యాద అనుకున్నాను. పచ్చివి తినేవాళ్లం చేసే తప్పు ఇది. కనీసం దోసకాయ అయినా ఇంటావిడ చేత కోయించుకుని, ఆవిడ చేత పళ్లెంలో పెట్టించుకుని తినాలి.

ఇక మొక్కు సంగతి. పండుగ నాలుగు రోజులూ ఇంటికి వచ్చిపోయే చుట్టాలు “అబ్బయ్య ఏం తినడం లేదే, ఒంట్లో బాగలేదా?” అని అడుగుతుంటే అమ్మ విసిగిపోయింది. రెండో రోజు నుంచీ అడిగినవారికల్లా, “మావాడికి పెంచలకోన మొక్కుంది” అని చెప్పడం మొదలుపెట్టింది. ఆ ఒక్క మాటతో ఊరు మారిపోయింది. ఎగతాళి చేసిన చిన్నమ్మ గంపెడు జామకాయలు పంపింది. పక్కింటాయన కొబ్బరిబొండాలు దింపించాడు. ఒకావిడ నా కాళ్లకు దండం పెట్టబోయింది. నాకు ఒళ్లు మండి, ఇలా అబద్ధం ఎందుకు చెబుతున్నావని అడిగితే, “అబద్ధం ఎట్టవుద్ది? తీర్చుకుంటే నిజమే గదా” అని, ముక్కనుమ మరునాడే కారు పిలిపించింది. రాపూరు మీదుగా పెంచలకోన వెళ్లాం. కొండల మధ్య పెనుశిల నరసింహస్వామికి దండం పెట్టుకుని బయటికి వచ్చాక, మొక్కంటే తలనీలాలు లేకుండా ఎట్టా అంది అమ్మ. ఎనభై ఏళ్ల మనిషితో గుడి ముందర వాదం పెట్టుకోలేక గుండు చేయించుకున్నాను.

ఇదంతా రాస్తూ మన ఊళ్లలో ఎంత ఆదరణ ఉందో చూడండి అని చెప్పాలనుకున్నాను. రాశాక చదువుకుంటే, ఆ ఆదరణ కూడా ఒక అబద్ధం అండతోనే దొరికిందని ఒప్పుకోవలసి వస్తున్నది. పూర్వం మన ఇంట వండినది తినని అతిథికి బియ్యం, పప్పు, కూరగాయలు తట్టలో పెట్టి స్వయంపాకం ఇచ్చేవారు. అందులో కులం పట్టింపు ఉంది, దాన్ని నేను మెచ్చుకోవడం లేదు. అయినా మన పొయ్యి మీది వంట తినకపోయినంత మాత్రాన మనిషి మనవాడు కాకుండా పోడన్న ఎరుక కూడా అందులోనే ఉంది. పైగా పచ్చివి మనకు కొత్తా? నాగుల చవితికి చిమ్మిలి, చలిమిడి, పచ్చిపాలు. శ్రీరామనవమికి వడపప్పు, పానకం. ఉగాది పచ్చడి పొయ్యి ఎక్కదు. ఫలహారం అన్న మాటకు అర్థమే పండ్లు తినడం. దాన్ని ఉప్మాగా మార్చుకున్నది మనం.

జనవరి చివర్లో తిరిగి వచ్చాక ఒక గృహప్రవేశంలో, కొత్తిమీర కట్ట ఇచ్చిన ఆ మిత్రుడే ఎదురయ్యాడు. నా గుండు చూసి గొంతు తగ్గించి, “మొక్కా అన్నా?” అని అడిగాడు. తల ఊపాను. “ఆ పచ్చికూరలు కూడా మొక్కేనా? ముందే చెప్పి ఉంటే మేం అలా చేసేవాళ్లమా!” అని నా చేయి పట్టుకున్నాడు. మంచివాడు, మనస్ఫూర్తిగానే బాధపడ్డాడు. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కాదని ఇప్పుడు చెబుతున్నాను, అందుకోసమే ఈ వ్యాసం.

ఉగాది, శ్రీరామనవమి కలిపి మనం చేసుకునే వేడుకలో వడపప్పు చిన్న కాగితపు గిన్నెలో చెంచాడు పెట్టి పంచడం మామూలు. ఈసారి నాలుగు కిలోల పెసరపప్పు నేను నానబెట్టి, వడగట్టి, మామిడికోరు, కొబ్బరికోరు విడిగా పెట్టి, ఐసు పెట్టెలో తెస్తాను. పప్పన్నం, బొబ్బట్లు ఉండే బల్ల మీదే చివర ఒక గిన్నెకు చోటు ఇప్పించమని, దాని మీద ఎవరి పేరూ రాయవద్దని, మైకులో దాని మాట ఎత్తవద్దని కార్యవర్గాన్ని కోరుతున్నాను. కావలసినవారు వేసుకుంటారు, అక్కరలేనివారు దాటిపోతారు. వడ్డించడానికి మా ఆవిడ ఒప్పుకుంది. అప్పటికి నా జుట్టు కూడా కొంత మొలిచి ఉంటుంది కాబట్టి, మొక్కు సంగతి ఎవరూ అడగరనుకుంటాను.