పదవి కావాలి, పని వద్దు

మా పార్టీ వార్డు కమిటీ సమావేశమంటే ఇరవై కుర్చీలు వేసి నలుగురి కోసం ఎదురుచూడడమే. అదే ఫ్లెక్సీ వేయిస్తున్నామని తెలిస్తే అర్ధరాత్రి కూడా ఫోన్లు మోగుతాయి. ఎవరి ఫోటో పెద్దది, ఎవరి పేరు ముందు, ఉపాధ్యక్షుడి కింద నన్నెందుకు వేశారు? ఈ తగవులు తీర్చడానికేనా నేను కార్యదర్శిగా ఉన్నది?

అసలు పని ఓటరు జాబితా. కొత్త ఓటుకు ఫారం 6, పేరు తొలగించాలంటే ఫారం 7, ఇల్లు మారితే ఫారం 8. విశాఖలోని మా గాజువాకలో అద్దె ఇళ్లవాళ్లు తరచూ మారుతూనే ఉంటారు. గడప గడపకూ తిరగకపోతే పోలింగ్ రోజున ఓటు లేదని ఏడ్చేది ఆ పేదవాళ్లే. మా కమిటీలో ఆ పని చేసేది ఇద్దరు ఆడవాళ్లు. మండుటెండలో, ఉప్పుగాలి ఉక్కలో మెట్లెక్కి దిగుతారు. వాళ్లకు పదవీ లేదు, కనీసం ఆటో ఖర్చులూ లేవు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

విశాఖ నగరపాలక సంస్థకు 2007 తర్వాత మళ్లీ ఎన్నికలు జరిగింది 2021లో. అన్నేళ్లకు వచ్చిన ఓటు అది! 98 వార్డుల నగరంలో ఒక్కో పేరూ ఎంత విలువైనదో పార్టీలో పైవాళ్లకు తెలియదా? ఫోన్ చేస్తే వాళ్లు అడిగేది ఒక్కటే: ‘సభకు ఎన్ని బస్సుల జనాన్ని తెస్తున్నావు?’ జాబితా ఎంతవరకు వచ్చిందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.